ఐకాన్ నొక్కితే రాదు, టెర్మినల్లో వస్తుంది: రెండు గ్రాఫిక్స్ కార్డులున్న లినక్స్ ల్యాప్‌టాప్ కేసు

కంప్లైంట్ ఒక్క లైనే. త్రీడీ మోడలింగ్ అప్లికేషన్ ఐకాన్ మీద నొక్కితే చక్రం కాసేపు తిరుగుతుంది, ఆగిపోతుంది, అంతే. విండో రాదు, ఎర్రర్ బాక్స్ రాదు, ఫలానా కారణం వల్ల తెరుచుకోలేదని చెప్పే నాథుడు లేడు. అదే అప్లికేషన్ పేరుని టెర్మినల్లో కొట్టి ఎంటర్ నొక్కితే మాత్రం నిక్షేపంగా తెరుచుకుంటుంది, కాకపోతే కాస్త పెద్ద మోడల్ లోడ్ చేసి అటూ ఇటూ తిప్పితే ఫ్రేములు ఆగి ఆగి వస్తాయి.

మెషీన్ వివరాలు ముందే చెప్పేస్తాను. ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ ఒకటి, దానికి తోడు విడిగా ఎన్విడియా కార్డు. డెబియన్ కుటుంబం డిస్ట్రో, గ్నోమ్ డెస్క్‌టాప్, వేలాండ్ సెషన్. కార్డుకి ఎన్విడియా సొంత డ్రైవర్, అది డీకేఎంఎస్ (కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, మారినప్పుడల్లా డ్రైవర్‌ని దానికి తగ్గట్టు మళ్లీ కట్టే ఏర్పాటు) ద్వారా ప్రతి కెర్నల్‌కీ కంపైల్ అవుతుంది. వాడేది మా టీమ్‌లో ఒక డిజైనర్. ఏం మార్చారండీ అని అడిగితే "ఏమీ మార్చలేదండీ, మొన్నటిదాకా బాగానే పనిచేసింది" అన్నారు. ఈ మాట ప్రతి కేసులోనూ వింటాం, చాలాసార్లు నిజం కూడా. మార్చేది మనిషి కాదు, అప్‌డేట్.

నా దగ్గరికి వచ్చేసరికే ఆయన అప్లికేషన్ తీసేసి మళ్లీ పెట్టారు, తర్వాత డ్రైవర్ మొత్తం పీకేసి మళ్లీ ఎక్కించారు. ఎందుకని అడిగితే కార్డు స్థితి చూపించే ఎన్విడియా ఎస్ఎంఐ కమాండ్ కొడితే డ్రైవర్‌తో మాట్లాడలేకపోతున్నాను, లేటెస్ట్ డ్రైవర్ ఇన్‌స్టాల్ అయి నడుస్తోందో లేదో చూసుకో అని వచ్చిందట. ఆ మెసేజ్ చూసిన ఎవరైనా చేసేది ఇదే. కానీ దాని అర్థం డ్రైవర్ లేదని కాదు, కెర్నల్‌లో డ్రైవర్ మాడ్యూల్ (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్క) పలకడం లేదని. ఎందుకు పలకడం లేదో తెలియకుండా ప్యాకేజీ ఎన్నిసార్లు ఎక్కించినా అదే మాడ్యూల్ అదే చోట కూర్చుంటుంది, అదే కారణంతో పలకదు.

ఐకాన్‌కీ టెర్మినల్‌కీ తేడా ఏంటి

నేను పట్టుకున్న కొస ఇది. ప్రోగ్రామ్ ఒకటే, యూజర్ ఒకరే, డిస్క్ మీద ఫైళ్లు అవే. ఒక దారిలో చస్తోంది, ఇంకో దారిలో బతుకుతోంది అంటే అది పుట్టేటప్పుడు చేతికిచ్చిన ఎన్విరాన్‌మెంట్ (ప్రోగ్రామ్‌కి అందే సెట్టింగుల జాబితా) వేరై ఉండాలి, లేదా దాన్ని పిలిచిన కమాండ్ లైన్ వేరై ఉండాలి. రెండు గ్రాఫిక్స్ కార్డులున్న మెషీన్లలో ఈ తేడా దాదాపు ఎప్పుడూ ఒకే చోట తేలుతుంది: ఏ కార్డు లైబ్రరీని పట్టుకోవాలని ఆ ప్రాసెస్‌కి చెప్పారు అన్న దగ్గర.

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎన్విడియా ఆప్టిమస్ పేరుతో ఈ జంట కార్డుల పద్ధతి 2010లో వచ్చింది. స్క్రీన్ ఇంటెల్ చిప్‌కే కలిసి ఉంటుంది, బరువైన పని ఉన్నప్పుడు మాత్రం ఎన్విడియా కార్డు బొమ్మ గీసి ఇంటెల్ చేతికి ఇస్తుంది. లినక్స్‌లో చాలాకాలం దీనికి సరైన దారి లేక, 2011లో మొదలైన బంబుల్‌బీ లాంటి ప్రాజెక్టులతో నెట్టుకొచ్చాం. ఎన్విడియా డ్రైవర్‌లోనే ప్రైమ్ రెండర్ ఆఫ్‌లోడ్ అనే సౌకర్యం 2019లో 435 సిరీస్‌తో వచ్చింది, అప్పటినుంచి ఒక్కో ప్రోగ్రామ్‌కి విడివిడిగా నువ్వు ఎన్విడియా మీద నడువు అని చెప్పడం వీలైంది. చెప్పే పద్ధతే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. ఎన్వీ ప్రైమ్ రెండర్ ఆఫ్‌లోడ్ అనే దానికి 1 అని ఇవ్వాలి, జీఎల్ఎక్స్ వెండర్ లైబ్రరీ నేమ్ అనే దానికి ఎన్విడియా అని ఇవ్వాలి (రెండిటి పేర్లూ పెద్దక్షరాల్లో, మాటకీ మాటకీ మధ్య ఒక అండర్‌స్కోర్, మొదట్లో రెండు). బొమ్మ గీయించుకునే దారుల్లో వల్కన్, ఈజీఎల్ వాడే ప్రోగ్రామ్‌లకి మొదటిదొక్కటి చాలు. పాత ఓపెన్‌జీఎల్ దారి అయిన జీఎల్ఎక్స్ వాడేవాటికి రెండూ కావాలి.

రెండోది ఎందుకంటే, ఇప్పుడు సిస్టమ్‌లో ఓపెన్‌జీఎల్ లైబ్రరీ అని పిలిచేది అసలు బొమ్మలు గీసేది కాదు. అది జీఎల్‌వీఎన్‌డీ అనే మధ్యవర్తి. ప్రోగ్రామ్ దాని దగ్గరికి వస్తే, ఈ స్క్రీన్‌ని నడిపేది ఎవరు అని చూసి మీసా (ఇంటెల్, ఏఎండీ కార్డులకి వాడే ఓపెన్‌సోర్స్) లైబ్రరీకో ఎన్విడియా లైబ్రరీకో అప్పజెబుతుంది. వెండర్ పేరు వేరియబుల్‌లో ఉంటే మాత్రం ఇంక ఏమీ చూడదు, ఆ పేరున్న లైబ్రరీకే పంపేస్తుంది. ఆ వెనకాల కార్డు మేలుకుని ఉందా, కెర్నల్ మాడ్యూల్ లోడ్ అయిందా అనేది దాని బాధ్యత కాదు. అడిగిన గుమ్మం దగ్గర దింపేసే ఆటోవాడి లాంటిది, తలుపు తాళం వేసి ఉంటే తనకేం సంబంధం.

ఇది మనసులో పెట్టుకుని లాగ్ తెరిచాను. గ్నోమ్‌లో ఐకాన్ నుంచి లేచిన ప్రోగ్రామ్ కక్కే మెసేజ్‌లన్నీ యూజర్ జర్నల్‌లోకి పోతాయి, అందుకే స్క్రీన్ మీద ఏమీ కనబడదు. జర్నల్ సీటీఎల్‌కి యూజర్ ఆప్షన్, ఈ బూట్ వరకే అనే ఆప్షన్, కొత్తవి వచ్చేకొద్దీ చూపించే ఆప్షన్ కలిపి ఒక టెర్మినల్లో నడిపి, పక్కన ఐకాన్ నొక్కితే చాలు. ఆ అప్లికేషన్ డెస్క్‌టాప్ ఫైల్ (ఐకాన్ నొక్కితే ఏం నడపాలో రాసి ఉండే ఫైల్) పేరుతోనే లైన్లు పడ్డాయి. ప్రోగ్రామ్ క్యూటీ అనే టూల్‌కిట్‌తో రాసింది కాబట్టి క్యూటీ మెసేజ్‌లు వచ్చాయి: ముందు "ఫెయిల్డ్ టు ఫైండింగ్ మ్యాచింగ్ ఎఫ్‌బీకాన్ఫిగ్", వెంటనే "కుడ్ నాట్ ఇనీషియలైజ్ జీఎల్ఎక్స్". మొదటిదాంట్లో ఇంగ్లిష్ వ్యాకరణం తప్పే, ఆ మెసేజ్ అలాగే ఉంటుంది, నెట్‌లో వెతికేటప్పుడు తప్పుతో సహా వెతకండి. కూలిన ప్రోగ్రామ్‌ల చిట్టా చూపించే కోర్‌డంప్ సీటీఎల్ చూస్తే అబార్ట్ సిగ్నల్‌తో పోయిందని ఉంది. ఇది ముఖ్యం. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయి ఉంటే మెమరీ ఎక్కడో చెడి కూలిందని అనుమానించాలి. అబార్ట్ అంటే ప్రోగ్రామే పరిస్థితి చూసుకుని ఇక నావల్ల కాదని తప్పుకుంది. గీసుకోడానికి పనికొచ్చే ఒక్క ఫార్మాట్ కూడా దానికి ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత డెస్క్‌టాప్ ఫైల్. ఇక్కడ చాలామంది యూఎస్ఆర్ కింద షేర్ ఫోల్డర్‌లో ఉన్న అప్లికేషన్స్ డైరెక్టరీ ఒక్కటే చూసి వదిలేస్తారు. హోమ్‌లో డాట్ లోకల్ కింద అదే పేరుతో ఫైల్ ఉంటే సిస్టమ్‌ది పక్కకి పోతుంది, హోమ్‌లోదే చెల్లుతుంది. ఈ మెషీన్‌లో అలాంటిది ఒకటుంది. దాని ఎగ్జిక్ లైన్‌లో (నడపాల్సిన కమాండ్ ఉండే లైన్) ప్రోగ్రామ్ పేరుకి ముందు ఎన్వ్ కమాండ్, ఆ వెనక నేను పైన చెప్పిన రెండు వేరియబుల్సూ. ల్యాప్‌టాప్ కొత్తలో ఎవరో రాసిన చిట్కా చూసి పెట్టుకున్నారట, తర్వాత మర్చిపోయారు. అది అప్పట్లో సరిగ్గానే పనిచేసింది, ఇన్నాళ్లూ పనిచేసింది కూడా.

ఇప్పుడు అసలు పరీక్ష. టెర్మినల్లో అవే రెండు వేరియబుల్స్ ముందు పెట్టి అప్లికేషన్ లేపాను. ఐకాన్ నొక్కినప్పుడు ఎలా పోయిందో అచ్చం అలాగే పోయింది. అవే వేరియబుల్స్‌తో జీఎల్ఎక్స్‌ఇన్ఫో (ఏ కార్డు గీస్తోందో చూపించే చిన్న ప్రోగ్రామ్) నడిపితే అదీ ఆర్‌జీబీ విజువల్ గానీ ఎఫ్‌బీకాన్ఫిగ్ గానీ దొరకలేదని చెప్పి ఆగిపోయింది. వేరియబుల్స్ తీసేస్తే జీఎల్ఎక్స్‌ఇన్ఫో హాయిగా ఇంటెల్ పేరు చూపించింది. ఈ ఒక్క అడుగుతో అప్లికేషన్ నిర్దోషిగా తేలిపోయింది, గ్నోమ్ కూడా. రెండు కార్డుల మెషీన్ మీద ఏ లాంచ్ ఫెయిల్యూర్ వచ్చినా ముందు ఈ పని చేయాలని నా గట్టి అభిప్రాయం: పెద్ద ప్రోగ్రామ్‌ని పక్కనపెట్టి, అదే ఎన్విరాన్‌మెంట్‌లో జీఎల్ఎక్స్‌ఇన్ఫో లేదా వల్కన్‌ఇన్ఫో లాంటి చిన్నదాన్ని నడపడం. చిన్నది కూడా చస్తే అప్లికేషన్ ఫోరమ్‌లలో వెతకడం అనవసరం.

ఒక చిన్న జాగ్రత్త. కొన్ని అప్లికేషన్లు ఇప్పటికే ఒక కాపీ నడుస్తుంటే రెండోసారి లేపినప్పుడు ఆ మొదటి కాపీకే కబురు పంపి తప్పుకుంటాయి. అలాంటప్పుడు మీరు పెట్టిన వేరియబుల్స్ ఎవరికీ చేరవు, పరీక్ష తప్పుడు ఫలితం ఇస్తుంది. అలాగే డెస్క్‌టాప్ ఫైల్‌లో డీబస్ యాక్టివేటబుల్ అని ట్రూ ఉంటే (ప్రోగ్రామ్‌ల మధ్య కబుర్లు మోసే డీబస్ ద్వారా లేపమని అర్థం) ఎగ్జిక్ లైన్‌ని గ్నోమ్ అసలు పట్టించుకోదు, అందులో ఎన్ని మార్పులు చేసినా గోడకి చెప్పినట్టే. నడుస్తున్న ప్రాసెస్‌కి నిజంగా ఏ వేరియబుల్స్ అందాయో తెలియాలంటే ప్రాక్ ఫోల్డర్‌లో దాని నంబర్ కింద ఉండే ఎన్విరాన్ ఫైల్ చదవాలి, ఊహించకూడదు.

మాడ్యూల్ ఎందుకు పలకలేదు

ఇక కెర్నల్ వైపు. మెషీన్‌లోని పరికరాలు చూపించే ఎల్ఎస్‌పీసీఐకి కే ఆప్షన్ ఇచ్చి చూస్తే ఎన్విడియా కార్డు కింద కెర్నల్ మాడ్యూల్స్ అనే లైన్ ఉంది, అందులో ఎన్విడియా పేరుంది. కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అనే లైన్ మాత్రం లేదు. ఈ రెండు లైన్లనీ ఒకటే అనుకుని పొరబడేవాళ్లు చాలామంది. మొదటిది ఈ కార్డుకి సరిపోయే మాడ్యూల్ డిస్క్ మీద ఉందని చెబుతుంది, రెండోది ఇప్పుడు కార్డుని నిజంగా పట్టుకున్నది ఎవరో చెబుతుంది. రెండోది లేదంటే కార్డు అనాథ.

డీకేఎంఎస్ స్టేటస్ చూశాను, ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌కే మాడ్యూల్ కట్టి ఇన్‌స్టాల్ అయి ఉంది. అంటే హెడర్లు లేక బిల్డ్ ఆగిపోయిన మామూలు కేసు కాదు. మాడ్‌ప్రోబ్‌తో చేత్తో లోడ్ చేయబోతే "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంది. కెర్నల్ లాగ్‌లో అదే సమయానికి, అందుబాటులో లేని కీతో సంతకం చేసిన మాడ్యూల్‌ని తిరస్కరించామని ఉంది. ఇక అనుమానం లేదు, సెక్యూర్ బూట్, అంటే నమ్మిన కీతో సంతకం లేనిదాన్ని లోడ్ కానివ్వని కాపలా. మెషీన్ యజమాని నమోదు చేసుకునే కీల (వాటినే మోక్ అంటారు) సంగతి చూసే మోక్‌యుటిల్‌తో స్థితి అడిగితే సెక్యూర్ బూట్ ఎనేబుల్డ్ అని చెప్పింది. డిజైనర్‌ని అడిగితే ఆ మాటే ఎప్పుడూ వినలేదన్నారు.

ఫర్మ్‌వేర్ (మెషీన్ బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు చేసే ఎఫ్‌డబ్ల్యూయూపీడీ హిస్టరీ తీస్తే కథ తెలిసింది. ఈ గొడవ మొదలవడానికి కాస్త ముందే ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయింది, సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో మిగతా అప్‌డేట్లతో పాటు అదీ వరసలో ఉంటే ఆయన అన్నిటినీ కలిపి ఓకే చేశారు. ఆ అప్‌డేట్ తర్వాత ఫర్మ్‌వేర్ సెట్టింగులు డిఫాల్ట్‌కి వెళ్లాయి, అంతకుముందు ఆపి ఉన్న సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ అయింది. డిస్ట్రో ఇచ్చే కెర్నల్‌కీ దాంతో వచ్చే మాడ్యూళ్లకీ నమ్మదగిన సంతకం ఉంటుంది కాబట్టి మెషీన్ మామూలుగానే బూట్ అయింది, ఇంటెల్ గ్రాఫిక్స్ మామూలుగానే పనిచేసింది, వైఫై, సౌండ్ అన్నీ బాగున్నాయి. డీకేఎంఎస్ ఈ మెషీన్ మీదే కట్టిన ఎన్విడియా మాడ్యూల్‌కి మాత్రం దాని సొంత కీ సంతకమే ఉంది. ఆ కీ ఫర్మ్‌వేర్ వైపు ఎప్పుడూ నమోదు కాలేదు, సెక్యూర్ బూట్ ఆపి ఉన్నన్నాళ్లూ ఆ అవసరమూ రాలేదు.

అందుకే ఇదంతా ఇంత విచిత్రంగా కనిపించింది. మెషీన్ మొత్తం బాగుంది, ఎన్విడియా కావాలని పేరుపెట్టి అడిగిన ఒక్క ఐకాన్ తప్ప. టెర్మినల్లో ఎవరూ పేరు పెట్టి అడగలేదు కాబట్టి మీసా, ఇంటెల్ కలిసి పని నడిపించాయి. నత్తనడక కూడా అందుకే.

సరిదిద్దడానికి రెండు దారులు. ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ మళ్లీ ఆపేయడం ఒకటి, కీ నమోదు చేయడం రెండోది. మొదటిది తొందరగా అవుతుంది, కానీ ఇంకో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వస్తే మళ్లీ ఇదే తంతు, అందుకని రెండోదే చేశాను. మాడ్‌ఇన్ఫోతో ఎన్విడియా మాడ్యూల్ మీద సంతకం ఎవరిదో చూసి, డీకేఎంఎస్ డైరెక్టరీలో ఉన్న పబ్లిక్ కీని మోక్‌యుటిల్ టెస్ట్ కీ ఆప్షన్‌తో అడిగితే నమోదు కాలేదని ధ్రువపరిచింది. తర్వాత అదే ఫైల్‌ని ఇంపోర్ట్ ఆప్షన్‌తో ఇచ్చాను, ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది లాగిన్ పాస్‌వర్డ్ కాదు, తర్వాతి బూట్‌లో ఒక్కసారి వాడడానికి. అక్షరాలూ అంకెలతో సింపుల్‌గా పెట్టుకోండి, ఎందుకంటే దాన్ని టైప్ చేసే తెర కీబోర్డ్‌ని అమెరికన్ లేఅవుట్ అనుకుంటుంది, ప్రత్యేక గుర్తులు వేరే చోట పడితే తల పట్టుకోవాల్సిందే.

రీబూట్ అవగానే నీలం తెర వస్తుంది, మోక్ మేనేజ్‌మెంట్ చేయాలంటే ఏదైనా కీ నొక్కమని 10 సెకన్లు లెక్కపెడుతుంది. నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, కీ నమోదు అవదు, మళ్లీ మొదటినుంచి ఇంపోర్ట్ చేయాలి. ఈ తెర చూపించగానే మా డిజైనర్ "అరే, ఇది నేను చూశానండీ, డ్రైవర్ మళ్లీ ఎక్కించినప్పుడు వచ్చింది, ఏదో వైరస్ అనుకుని ముట్టుకోలేదు" అన్నారు. అంటే ఆయన డ్రైవర్ మళ్లీ ఎక్కించినప్పుడే ఇన్‌స్టాలర్ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందని గమనించి కీ నమోదుకి ఏర్పాటు చేసింది, మధ్యలో పాస్‌వర్డ్ కూడా అడిగింది, ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయింది. ఆయన్ని అని లాభం లేదు. పాత డాస్ రోజుల్లోలాగా ఒక నీలం తెర, పది సెకన్ల గడువు, ఎందుకొచ్చిందో ఒక్క ముక్క వివరణ లేదు. ముట్టుకోకపోవడమే తెలివైన పని అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఎన్‌రోల్ మోక్ నొక్కి, పాస్‌వర్డ్ ఇచ్చి, రీబూట్ చేశాక కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అనే లైన్ వచ్చింది. వేరియబుల్స్‌తో జీఎల్ఎక్స్‌ఇన్ఫో ఎన్విడియా పేరు చెప్పింది. ఐకాన్ నొక్కితే అప్లికేషన్ తెరుచుకుంది, మోడల్ సాఫీగా తిరిగింది.

పనయింది కానీ అక్కడ ఆపలేదు

కార్డు ఒకరోజు పలకనంత మాత్రాన అప్లికేషనే తెరుచుకోకపోవడం ఏంటి? ఇంటెల్ మీద నిదానంగానైనా తెరుచుకోవాలి కదా, టెర్మినల్లో తెరుచుకున్నట్టు. ఇక్కడ చెడ్డది డ్రైవర్ కాదు, డెస్క్‌టాప్ ఫైల్‌లో రాయిలా చెక్కి పెట్టిన ఆ రెండు వేరియబుల్స్. ఇవే వేరియబుల్స్‌ని ఈటీసీ కింద ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో పెట్టమని చెప్పే సలహాలు కూడా కనిపిస్తుంటాయి. దయచేసి పెట్టకండి. అలా పెడితే ఒక్క ఐకాన్ కాదు, జీఎల్ఎక్స్ వాడే ప్రతిదీ ఒకేసారి పడిపోతుంది, టెర్మినల్లో కూడా, అప్పుడు పోల్చి చూడ్డానికి బతికున్న దారే మిగలదు.

నేను చేసింది, హోమ్‌లో ఉన్న ఆ డెస్క్‌టాప్ ఫైల్‌లో ఎగ్జిక్ లైన్‌ని మళ్లీ మామూలుగా చేసి, ప్రిఫర్స్ నాన్ డిఫాల్ట్ జీపీయూ అనే కీకి (డిఫాల్ట్ కాని కార్డు కావాలని చెప్పే సెట్టింగ్) ట్రూ ఇచ్చాను. ఈ కీ డెస్క్‌టాప్ ఎంట్రీ ప్రమాణంలోనే ఉంది, గ్నోమ్‌కీ కేడీఈకీ తెలుసు. ఇది చూసినప్పుడు గ్నోమ్ స్విచరూ కంట్రోల్ అనే సర్వీస్‌ని, రెండో కార్డు ఉందా, ఉంటే ఏ వేరియబుల్స్ ఇవ్వాలి అని అడుగుతుంది. ఆ సర్వీస్ కెర్నల్ చూపించే డీఆర్ఎం పరికరాలని (డ్రైవర్ పట్టుకున్న గ్రాఫిక్స్ కార్డులని) బట్టి జవాబిస్తుంది. ఎన్విడియా మాడ్యూల్ లోడ్ కాకపోతే ఆ పరికరం కనబడదు, రెండో కార్డు లేదనే అంటుంది, వేరియబుల్స్ ఏవీ పెట్టదు, అప్లికేషన్ ఇంటెల్ మీద తెరుచుకుంటుంది. స్విచరూ సీటీఎల్ లిస్ట్ కొడితే అది ఎవరికి ఏమిస్తుందో ముందే చూసుకోవచ్చు. ఎన్విడియా కార్డుకి పైన చెప్పిన రెండింటితో పాటు వల్కన్‌లో ఎన్విడియా పరికరాలే కనబడేలా చేసే మూడో వేరియబుల్ కూడా ఇస్తుంది.

నమ్మకం కుదరాలి కదా. కెర్నల్ కమాండ్ లైన్‌లో మాడ్యూల్ బ్లాక్‌లిస్ట్ పారామీటర్‌కి ఎన్విడియా మాడ్యూళ్ల పేర్లు ఇచ్చి ఒక్కసారికి బూట్ చేశాను, అంటే కావాలనే పాత జబ్బు తెప్పించాను. ఐకాన్ నొక్కితే అప్లికేషన్ తెరుచుకుంది, ఇంటెల్ మీద, నిదానంగా. మామూలుగా బూట్ చేస్తే ఎన్విడియా మీద. ఇదీ నేను కోరుకున్నది.

ఇంతలో ఇంకో కంప్లైంట్. ఆయన ఫ్లాట్‌ప్యాక్‌గా (కావాల్సిన లైబ్రరీలు తనతోనే తెచ్చుకునే ప్యాకేజీగా) పెట్టుకున్న వీడియో ఎడిటర్ ఒకటి ఎన్విడియా మీద లేవడం లేదు, ప్రాసెసర్ మీదే గీసే ఎల్ఎల్‌వీఎంపైప్‌లో పడుతోంది. మాడ్యూల్ ఇప్పుడు బాగానే ఉంది, బయట జీఎల్ఎక్స్‌ఇన్ఫో బాగానే ఉంది. ఫ్లాట్‌ప్యాక్ లోపలి ప్రోగ్రామ్ బయటి సిస్టమ్ డ్రైవర్ లైబ్రరీలని వాడదు, రన్‌టైమ్‌కి ఎక్స్‌టెన్షన్‌గా వచ్చే సొంత కాపీని వాడుతుంది, ఆ కాపీ వెర్షన్ కెర్నల్ మాడ్యూల్ వెర్షన్‌తో అంకెకి అంకె సరిపోవాలి. ఏ వెర్షన్ కావాలో ఫ్లాట్‌ప్యాక్‌కి తెలిసేది సిస్ ఫోల్డర్‌లో లోడ్ అయిన ఎన్విడియా మాడ్యూల్ కింద ఉండే వెర్షన్ ఫైల్ చదివి. మాడ్యూల్ లోడ్ కాని రోజుల్లో ఆ ఫైలే లేదు. ఆయన డ్రైవర్ మళ్లీ ఎక్కించినప్పుడు వెర్షన్ ముందుకి జరిగింది, తర్వాత ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ చేసినా దానికి ఎన్విడియా ఉన్న సంగతే తెలియదు కాబట్టి కొత్త ఎక్స్‌టెన్షన్ తెచ్చుకోలేదు. మాడ్యూల్ లోడ్ అయ్యాక ఒక్కసారి ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ కొడితే తెచ్చుకుంది, ఎడిటర్ లేచింది. డ్రైవర్ మార్చిన వెంటనే కాకుండా, రీబూట్ అయి కొత్త మాడ్యూల్ నడుస్తుండగా ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ చేయాలనేది ఇందుకే.

వెర్షన్ తేడా బయట కూడా రావచ్చు, అది వేరే ముఖంతో వస్తుంది. ప్యాకేజీలు అప్‌డేట్ అయి రీబూట్ చేయకపోతే లైబ్రరీలు కొత్తవి, మెమరీలో మాడ్యూల్ పాతది, ఎన్విడియా ఎస్ఎంఐ డ్రైవర్ లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్ అని నేరుగా చెబుతుంది. దానికి మందు రీబూట్, అంతకుమించి ఏమీ లేదు.

ఎన్విడియా ఎస్ఎంఐ గురించి ఇంకో మాట. కార్డు నిద్రపోతోందా అని చూడ్డానికి దాన్ని వాడకండి, అది అడగడంతోనే కార్డు మేలుకుంటుంది, మేలుకునే ఉందని రిపోర్ట్ ఇస్తుంది. సిస్ కింద ఆ పీసీఐ పరికరం పవర్ ఫోల్డర్‌లో రన్‌టైమ్ స్టేటస్ అనే ఫైల్ చదివితే కార్డుని కదపకుండా సంగతి తెలుస్తుంది. ఈ మెషీన్‌లో పని లేనప్పుడు సస్పెండెడ్ అని ఉంటోంది, ఐకాన్ నొక్కాక కార్డు లేచేదాకా కాస్త ఆలస్యం ఉంటుంది. అది జబ్బు కాదని డిజైనర్‌కి చెప్పాను, లేకపోతే చక్రం తిరగడం చూసి మళ్లీ టెన్షన్ పడతారు.

ఇదే లక్షణం, పూర్తిగా వేరే కారణం

ఈ ప్రిఫర్స్ నాన్ డిఫాల్ట్ కీ అన్నిచోట్లా మంచిదే అనుకోకండి. ఆ తర్వాత ఒక డెస్క్‌టాప్ మెషీన్ చూశాను, అక్కడా కంప్లైంట్ అదే: ఐకాన్ నొక్కితే పోతుంది, టెర్మినల్లో వస్తుంది. ఒక్క తేడా ఉంది, ఇక్కడ టెర్మినల్లో వచ్చినది వేగంగా నడుస్తోంది. ఆ ఒక్క తేడాతోనే పాత కేసు కాదని అర్థమైంది. ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ దారి బలహీనమైన చిప్ మీదికి పోయింది, ఇక్కడ బలమైన కార్డు మీదికి పోతోంది, అంటే ఐకానే దాన్ని బలహీనమైన దాని మీదికి తోస్తోంది.

ఇందులో ఏఎండీ కార్డు, ప్రాసెసర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్, మానిటర్ కేబుల్ ఏఎండీ కార్డుకే. ఫర్మ్‌వేర్ ఏఎండీ కార్డుతోనే బూట్ చేసింది, సిస్ కింద దాని బూట్ వీజీఏ ఫైల్‌లో 1 ఉంది, కాబట్టి సిస్టమ్ దృష్టిలో డిఫాల్ట్ కార్డు అదే. అప్లికేషన్ ప్యాకేజీతో వచ్చిన డెస్క్‌టాప్ ఫైల్‌లోనే ప్రిఫర్స్ నాన్ డిఫాల్ట్ ట్రూ అని ఉంది. రాసినవాళ్ల ఉద్దేశం బలమైన కార్డు మీద నడపమని, కీ చెప్పేది మాత్రం డిఫాల్ట్ కానిదాని మీద నడపమని. ల్యాప్‌టాప్‌లో ఆ రెండూ ఒకటే, ఈ డెస్క్‌టాప్‌లో తలకిందులు. ఐకాన్ నొక్కినప్పుడల్లా మీసాకి ఏ కార్డో చెప్పే డీఆర్ఐ ప్రైమ్ వేరియబుల్‌లో ఇంటెల్ చిప్ పీసీఐ చిరునామా పడుతోంది, అప్లికేషన్ తనకి కావాల్సిన రే ట్రేసింగ్ ఎక్స్‌టెన్షన్ అక్కడ లేదని జర్నల్‌లో రాసి తప్పుకుంటోంది.

డెస్క్‌టాప్ ఫైల్‌ని హోమ్‌లోకి కాపీ చేసి ఆ కీకి ఫాల్స్ ఇచ్చాను. ఫర్మ్‌వేర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ని పూర్తిగా ఆపేసినా సరిపోయేదే, కానీ ఆ యూజర్ వీడియో ఎన్‌కోడింగ్‌కి ఆ చిప్‌నే వాడుతున్నారు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. సిస్టమ్ ఫైల్‌లోనే మార్చి ఉంటే తర్వాతి ప్యాకేజీ అప్‌డేట్ దాన్ని తుడిచేసేది, హోమ్‌లో కాపీకి ఆ భయం లేదు. కాకపోతే ప్యాకేజీవాళ్లు రేపు ఎగ్జిక్ లైన్ మారిస్తే ఈ కాపీకి తెలియదు, అందుకని ఫైల్ మొదట్లోనే ఎందుకు మార్చామో ఒక కామెంట్ లైన్ రాసి పెట్టాను.